మేజా మీద మంజీరా

స్కూలు సైన్స్ ఫెయిర్‌కు పిల్లలు డ్యామ్ నమూనా చేసుకొస్తే అందులో నీళ్ళు ఏ రంగులో ఉంటాయి? నీలం. జంగ్ ఆటల షౌక్ పట్టిన పెద్ద పిల్లలు మేజా మీద మైదానం కట్టి, దాని మధ్య ఒక నదిని పారిస్తే? అదీ నీలమే. ఇంకు సీసా ఒలికినట్టు. నేను అడుగుతున్నాను, ఈ నీలం నీళ్ళు మీరు ఎక్కడ చూశారు? రాజంపేటలో చూశారా? కామారెడ్డి పెద్ద చెరువులో చూశారా? మంజీరాలో చూశారా? (రాజంపేట అంటే కడప దిక్కున ఉన్నది అనుకునేరు. నేను చెప్పేది కామారెడ్డి జిల్లా రాజంపేట.)

జంగ్ ఆట అంటే తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. శతరంజ్ మనందరికీ తెలుసు. అందులో బాద్‌షా ఉన్నాడు, వజీర్ ఉన్నాడు, ఏనుగు, గుర్రం, ప్యాదాలు ఉన్నాయి. కానీ జమీన్ లేదు. కొండ లేదు, అడవి లేదు, నది లేదు. అరవై నాలుగు ఇళ్ళూ ఒకే మట్టం. చీనావాళ్ళ శతరంజ్‌లో మాత్రం పటం మధ్యలో ఒక నది ఉంటుంది. ఏనుగు ఆ నది దాటకూడదు. ప్యాదా దాటితే దాని తాకత్ పెరుగుతుంది. నీళ్ళు వచ్చాయంటే ఆట కాయిదా మారిపోతుందన్నమాట. 1812లో ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే ఆయన తమ బాద్‌షా కోసం ఒక పెద్ద మేజా చేయించాడు. ప్లాస్టర్ పలకల మీద ఊళ్ళు, దారులు, నదులు, వాగులు ఎత్తుపల్లాలతో సహా చేసి, ఆ పలకలు మార్చి మార్చి పేర్చుకుని ఫౌజులు నడిపే ఆట అది. 1824లో ఆయన కొడుకు దాన్ని నకాషా మీద ఆడేలా మార్చాడు. ప్రష్యా అఫ్సర్లు దానితో తాలీమ్ తీసుకున్నారు. ఈ రోజు మన పిల్లలు ఆడే ఆటలకు అదే పెద్ద తాత.

మా ఆపా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడూ వాడి దోస్తులూ కలిసి ఒక పాత తలుపు చెక్క మీద గోల్కొండ ముట్టడి కడుతున్నారు. సీసం బొమ్మలు కొనే పైసలు లేవు కాబట్టి సిపాయిలందరూ కాగితం సిపాయిలే. అట్టకు అంటించి కత్తిరించినవాళ్ళు. కాగితమైనా కొలత మాత్రం పక్కా, ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్లు. అంటే అసలు మనిషికి అరవయ్యో వంతు. వాళ్ళ దాదీకి ఇదంతా నచ్చదు. ‘చదువుకోమంటే మట్టి పిసుకుతున్నార్రా’ అంటుంది. ఆపా కూడా నాకు ఫోన్ చేసి, ‘నువ్వైనా సమ్‌ఝాయించు, ఫుజూల్ ఖర్చు’ అంది. నేను సమ్‌ఝాయించలేదు. ఎందుకు సమ్‌ఝాయించలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ షౌక్ ఫుజూల్ కాదు. కానీ చేస్తే మన నీళ్ళే చేయాలి. వీడియోల్లోని విలాయతీ ఉస్తాద్ తన ఊరి నీళ్ళు తాను చేసి చూపిస్తాడు. అది అతని హక్కు. వాటిని తెచ్చి గోల్కొండ పక్కన పోస్తే నకలుకు నకలు అవుతుంది గానీ హకీకత్ కాదు.

గోల్కొండ సంగతే తీసుకోండి. 1687లో ఔరంగజేబు ఫౌజ్ దాదాపు ఎనిమిది నెలలు కిలా చుట్టూ కూర్చుంది. ఫసీల్ చుట్టూ ఖందక్, అదే కందకం. దాన్ని పూడ్చడానికి మట్టి నింపిన సంచులు వేశారని తవారీఖ్ చెబుతుంది. తర్వాత వానాకాలం వచ్చింది. మోర్చాలు బురదలో కూరుకుపోయాయి. మంజీరా పొంగింది. రసద్ బండ్లు రాలేదు. ఛావనీలో కహత్ పడింది. కిలా చివరికి సెప్టెంబరులో పడింది, అదీ తోపుల వల్ల కాదు, లోపలి మనిషి దర్వాజా తెరవడం వల్ల. ఈ కథలో నీళ్ళు అలంకారం కాదు. కిలావాళ్ళ దోస్తు ఒకటి ఖందక్, రెండోది మంజీరా. మంజీరాను మేజా మీద సన్నటి నీలం రిబ్బన్‌లా గీసేస్తే ఆ జంగ్ అర్థమే పోతుంది. ఎనిమిది నెలలు ఎందుకు పట్టిందో పిల్లవాడికి ఎప్పటికీ సమజ్ కాదు.

అందుకే నీళ్ళు చేసే ముందు రంగు డబ్బా తెరవకూడదు. ముందు కాయిదా తేల్చుకోవాలి. ఇక్కడ సవార్లు దాటవచ్చా? పైదల్ దాటవచ్చా? తోపు బండి దిగబడుతుందా? మోకాలి లోతు నీళ్ళలో అడుగున ఇసుక, గులకరాళ్ళు కనిపించాలి. నడుము లోతు అయితే కినారా దగ్గర మాత్రమే అడుగు కనిపించి, మధ్యలో చీకటి పడాలి. సైలాబ్ నీళ్ళలో అసలు ఏమీ కనిపించకూడదు. అప్పుడు ఆడేవాడు కాయిదాల కితాబ్ తిరగేయకుండానే నజర్ పడగానే ఫైసలా చేసుకుంటాడు, ఇక్కడ దాటితే మునుగుతాం అని. పిల్లలు దీన్ని మంచి తెలివితో చేశారు. వాళ్ళ మంజీరా రెండు పలకలు. ఒకటి ఎండాకాలం పలక, ఇసుక మేటల మధ్య సన్నటి పాయ. రెండోది వానాకాలం పలక, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రటి నీళ్ళు. ఆటలో జూన్ నెల రాగానే మొదటిది తీసి రెండోది పెడతారు. మొగల్ ఫౌజ్ నడిపేవాడి చెహ్రా అప్పుడు చూడాలి.

‘మామూ, అసలు నీళ్ళే పోస్తే సరిపోతుంది కదా?’ అని వాళ్ళలో చిన్నవాడు అడిగాడు. సవాల్ మంచిది. పోయకూడదు. ఎందుకంటే నీళ్ళు చిన్నవి కావు. మనిషిని అరవయ్యో వంతు చేయవచ్చు, గుర్రాన్ని చేయవచ్చు, కిలాను చేయవచ్చు. నీటి చుక్కను చేయలేం. నాలుగు మిల్లీమీటర్ల చుక్క ఆ సిపాయి పక్కన పడితే, వాడి లెక్కలో అది 24 సెంటీమీటర్ల చుక్క. చిన్న కుండంత! అసలు నది మీద జానెడు ఎత్తు లహర్ లేస్తే మేజా మీద అది నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండకూడదు. గిన్నెలో నీళ్ళు కదిపి చూడండి, అలా ఎప్పటికీ లేవవు. పైగా అంచుల్లో నీళ్ళు గోడను పట్టుకుని పైకి పాకుతాయి. ఇంజనీర్లకు ఇది బాగా తెలుసు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, మన హిమాయత్‌సాగర్ దగ్గరి ఇంజనీరింగ్ లాబొరేటరీలో ప్రాజెక్టుల నమూనాలు కట్టి అసలు నీళ్ళే వదులుతారు. కానీ వాళ్ళు చూసేది రంగు, రూపం కాదు, నీటి జోరు. ఆ జోరును కూడా హిసాబ్ వేసి మార్చి చదువుకోవాలి. యాభయ్యో వంతు నమూనాలో నీటి వేగం అసలు వేగంలో యాభయ్యో వంతు ఉండదు, సుమారు ఏడో వంతు ఉంటుంది. కంటికి హకీకత్‌లా కనిపించాలంటే మాత్రం అబద్ధపు నీళ్ళే కావాలి. అజీబ్ సంగతే మరి.

ఇప్పుడు తరీఖా చెబుతాను. ముందు అడుగు. థర్మాకోల్ మీద నేరుగా స్ప్రే రంగు కొట్టకండి, థిన్నర్ దాన్ని తినేస్తుంది. ప్లాస్టర్ గానీ గోడలకు పూసే పుట్టీ గానీ ఫెవికాల్ కలిపి పూసి, బాగా ఆరనివ్వాలి. చిన్న సందు ఉన్నా రెసిన్ దానిలోంచి దిగి మేజా కింద చాప మీదకు చేరుతుంది. నది అడుగున జల్లెడ పట్టిన వాగు ఇసుక చల్లండి. కినారాకు ఎండబెట్టిన చాయ్‌పత్తా చాలు, అచ్చం ఎండుటాకుల్లా ఉంటుంది. చాయ్ తాగే మన ఇళ్ళలో దానికి కొదవ లేదు.

తర్వాత గహరాయి. లోతు అనేది రెసిన్‌లో ఉండదు, అడుగున వేసే రంగులో ఉంటుంది. చాలామంది అంగుళం మందం రెసిన్ పోస్తే లోతు వస్తుందనుకుంటారు. పైసలు పోతాయి తప్ప లోతు రాదు. మధ్యలో ముదురు రంగు, గట్టు వైపు వస్తున్నకొద్దీ లేత రంగు, రెండూ కలిసే చోట తడి గుడ్డతో అద్దాలి. అలా చేస్తే మూడు మిల్లీమీటర్ల పొర కూడా నిలువు లోతు అనిపిస్తుంది. ఇది కంటికి చేసే ధోకా. కానీ జాయజ్ ధోకా.

రంగు ఏది? ఇక్కడే నాకూ వీడియోల ఉస్తాదులకూ జగడా. మేజా మీద ఆడేవాడి కన్ను నదికి రెండడుగుల ఎత్తున ఉంటుంది. అరవై రెట్లు చేస్తే 36 మీటర్లు. అంటే పన్నెండు అంతస్తుల ఇమారత్ పైనుంచి నదిని చూస్తున్నట్టు. అంత పైనుంచి నిట్టనిలువునా చూస్తే ఆకాశం నీడ తక్కువ, నీళ్ళలోని మట్టి ఎక్కువ కనిపిస్తుంది. గట్టు మీద కూర్చుని దూరంగా ఏటవాలుగా చూసినప్పుడే నీళ్ళు ఆకాశం రంగు తొడుక్కుంటాయి. ఆ పని చమక్ చూసుకుంటుంది, రంగు చేయనవసరం లేదు. కాబట్టి వానాకాలం మంజీరాకు ఇటుక ఎరుపు, పసుపు మట్టి రంగు, కొంచెం తెలుపు. చలికాలం చెరువుకు బూడిద కలిసిన పచ్చ, గట్టు దగ్గర నాచు. ఖందక్ నీళ్ళు కదలవు కాబట్టి నల్లబడిన పచ్చ. నీలం డబ్బాను పతంగులకు దాచుకోండి.

మన ఉర్దూలో ఒక సొగసైన విషయం ఉంది. ఆబ్ అంటే నీళ్ళు. పంజాబ్‌లో ఉన్నది అదే, గులాబ్‌లో ఉన్నది అదే, తెలుగు దఫ్తరుల్లో నిన్న మొన్నటి దాకా ఉన్న ఆబ్కారీలో ఉన్నదీ అదే. కానీ ఆబ్ అంటే చమక్ కూడా. ముత్యానికి ఆబ్ ఉంటుంది, తల్వార్‌కు ఆబ్ ఉంటుంది. మేజా మీద నీళ్ళు చేసేవాడికి ఈ రెండు మాయనాలూ ఒకటే. ఎంత మంచి రంగు వేసినా ఆబ్ ఇవ్వకపోతే అది ఎండిన బురద. మెరిసే వార్నిష్ రెండు కోటింగులు ఇవ్వగానే అదే బురద నీళ్ళయి కూర్చుంటుంది. పిల్లలు మొదటిసారి ఈ కరామత్ చూసి ‘సుభానల్లాహ్’ అన్నారు. నిజంగానే అలా ఉంటుంది. కినారా ఇసుకకు కూడా వేలెడు వెడల్పున వార్నిష్ పూయాలి, తడి ఇసుక నల్లగా మెరుస్తుంది కదా. గట్టుకూ నీళ్ళకూ రిష్తా కుదిర్చేది ఆ తడి గీతే. చాలా నమూనాల్లో అదే ఉండదు, అందుకే నీళ్ళు గాజు ముక్కలా వేరుగా కనిపిస్తాయి.

సైలాబ్ నీళ్ళకు రెసిన్ అవసరమే లేదు. ఈ మాట దుకాణాలవాళ్ళు చెప్పరు. టిష్యూ కాగితాన్ని ఫెవికాల్ నీళ్ళలో తడిపి, నది మీద పరిచి, వేళ్ళతో నీటి జోరు ఎటు ఉందో అటు ముడతలు తోయండి. రాయి ఉన్న చోట ముడత చీలాలి, వెనక మళ్ళీ కలవాలి. ఆరాక రంగు, తర్వాత వార్నిష్, లహర్ అంచుల మీద పొడి కుంచెతో కొద్దిగా తెలుపు. ఝాగ్ కావాలంటే దూది పోగులు నాలుగు. అంతే. మొత్తం సామాన్ ఇంట్లోనే ఉంటుంది. వార్నిష్ ఒక్కటే కొనాలి. మత్తడి దూకే నీళ్ళకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే తెల్లటి సిలికాన్‌ను పాలిథిన్ మీద గీతలుగా పిండి, దువ్వెనతో దువ్వి, ఆరాక ఊడదీసి అతికించాలి. ఒక హెచ్చరిక. ఉత్త ఫెవికాల్‌ను మందంగా పోసి నీళ్ళు అనిపించాలని చూడకండి. లోపల పాల రంగు పోదు, ఆరుతూ కుంచించుకుపోతుంది, వానాకాలం గాలికి మళ్ళీ జిగురు తేలుతుంది.

రెసిన్ వాడేది నిలకడ నీళ్ళకే, మా వాళ్ళు ఖందక్‌కు వాడారు. అక్కడ మాత్రం ఎహతియాత్ తప్పదు, అమ్మీలూ అబ్బాలూ ఈ భాగం జరూర్ చదవాలి. చేతికి గ్లౌజులు, కిటికీలు బార్లా, చిన్న పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. రెండు సీసాలనూ పాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, అందాజాగా కాదు. బిర్యానీకి చేతి అందాజా చెల్లుతుంది, దీనికి చెల్లదు. కొలత తప్పితే ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. మెల్లగా కలపాలి, గబగబా గిలకొడితే బుడగలు వస్తాయి. ఒకేసారి మందంగా పోస్తే లోపల వేడి పుట్టి థర్మాకోల్‌ను కుంగదీస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర పోసి, ఆరాక ఇంకో పొర. పోసిన వెంటనే అట్టపెట్టె బోర్లించండి, దుమ్మూ దోమలూ పడకుండా. చర్మానికి అంటితే సబ్బుతో కడగాలి, థిన్నర్‌తో కాదు. ఒక రాత్రి, కొన్నిసార్లు మూడు రాత్రులు ఆగాలి. సెల్‌ఫోన్ జమానాలో పిల్లవాడు మూడు రాత్రులు ఒక వస్తువును ముట్టుకోకుండా సబర్ చేస్తున్నాడంటే, ఆపా, అది ఫుజూల్ ఎలా అవుతుంది?

పోసే ముందు మేజాకు రసమట్టం పెట్టాలి. మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్నారు. ఎందుకంటే నీళ్ళ సతహ్ ఎప్పుడూ సమమే. పారే నది పొడవునా వాలుగా ఉండవచ్చు గానీ, ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య వంకర ఉండదు. నిలిచిన నీళ్ళకైతే ఏ వైపూ వాలు లేదు. నీళ్ళకు సిఫారసు పనిచేయదు, అవి పల్లం వెతుక్కుంటాయి. పిల్లలు ఒక ఇంటి బొమ్మను నది పక్కన పెట్టి, దాని గడప నీళ్ళ సతహ్ కన్నా కిందికి ఉందని రసమట్టం చూసి కనుక్కున్నారు. ఇల్లు తీసి ఎత్తు మీద పెట్టారు. మేజా మీద కాబట్టి రెండు సెకన్ల పని.

నాకు ఆ క్షణం 2025 ఆగస్టు గుర్తొచ్చింది. 27, 28 తేదీల్లో మన రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, కార్లు తేలిపోయాయి. నిజాం జమానాలో కట్టిన పోచారం ప్రాజెక్టు మీదుగా నీళ్ళు దూకుతుంటే జిల్లా అంతా ఊపిరి బిగపట్టింది. కట్ట నిలబడింది, అల్హమ్దులిల్లాహ్. మేజా మీద వానాకాలం పలకకు మా భాంజా ఎంచుకున్న రంగు ఏ వీడియోలోదీ కాదు, ఆ రోజుల్లో వాడు కళ్ళారా చూసిన నీళ్ళది. వీధిలో నీళ్ళు ఎటునుంచి వచ్చాయి, ఏ గోడ దగ్గర మలుపు తిరిగాయి, ఎక్కడ సుడి తిరిగాయి, వాడికి యాద్ ఉంది. టిష్యూ ముడతలు తోసేటప్పుడు వాడి వేళ్ళు ఆ లెక్కనే తోశాయి.

అందుకే స్కూలు పంతుళ్ళకు నా గుజారిష్. దుకాణంలో రెడీమేడ్ డ్యామ్ కొనుక్కొచ్చి పెట్టే పిల్లలకు బహుమతి ఇవ్వకండి. పోచారం చేయమనండి. మంజీరా మీద 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ చేయమనండి, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా కట్టించినది. అన్నిటికన్నా ముందు తమ ఊరి నాలా చేయమనండి. దాని గట్టెక్కడ, దానికి అడ్డంగా లేచిన ఇళ్ళెక్కడ, కల్వర్టు నోరు ఎంత. నాలా మీద ఇల్లు కట్టుకున్న పెద్దలకు ఆ నమూనా చూడటం కష్టంగానే ఉంటుంది. ఉండనివ్వండి. అధికారుల నకాషాలో గీత చెరిపేయవచ్చు, మేజా మీద గ్లాసు నీళ్ళు పోస్తే అవి తమ పాత దారి తామే చూపిస్తాయి. అప్పుడు మాత్రం, హాఁ, అసలు నీళ్ళే పోయాలి.

చివరిగా పని మాట ఒకటి. రెసిన్ పోయాలనుకునేవాళ్ళు మే నెలలోపే కానిచ్చుకోండి. మృగశిర వచ్చిందంటే గాలిలో తడి చేరి, రెసిన్ మీద తెల్లటి పొగమంచు లాంటి పొర కడుతుంది. ఆ తర్వాత డబ్బాలు మూసిపెట్టి చెరువు కట్ట మీదకు వెళ్ళండి. నీళ్ళు దాటుతున్న రోడ్డు మీదకు, కాజ్‌వే మీదకు మాత్రం వెళ్ళకండి, ఫోటో కోసం అసలే వెళ్ళకండి. దూరంగా నిలబడి వానకు ముందు ఒకటి, వాన తర్వాత ఒకటి, నీళ్ళు దిగాక ఒకటి ఫోటో తీసుకోండి. ఫిల్టర్లు పెట్టవద్దు. వెనక తేదీ, చోటు రాసి పెట్టుకోండి. దసరా సెలవుల్లో రంగులు కలిపేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి పనికొస్తాయి.